మీట పైకి, హుక్కు కిందికి: కట్టడాల దగ్గర ఎలక్ట్రిక్ హాయిస్టు

ఈ శీర్షికలో ఎప్పుడూ సర్వర్లు, డేటాబేసుల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి మూడంతస్తుల విల్లా పైకి ఇటుకలు, సిమెంటు చేరవేసే ఒక చిన్న యంత్రం గురించి చెబుతాను. మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. డ్రమ్ముకు చుట్టిన ఇనుప తాడు, దాని చివర హుక్కు, వేలాడే మీటల పెట్టె. కేటలాగులో దాని పేరు పోర్టబుల్ ఎలక్ట్రిక్ హాయిస్టు. సైటులో మనవాళ్ళు వించి అనో, మిషన్ అనో అంటారు.

రియాద్‌లో ఒక కాంట్రాక్టరుకు యంత్రాల మెయింటెనెన్సు సాఫ్ట్‌వేర్ పెట్టే పనిలో దీని జోలికి వెళ్ళాను. ప్రతి హాయిస్టుకూ రోజూ పొద్దున పదిహేను అంశాల చెక్‌లిస్టు ఉంది. డేటా తిరగేస్తే నెలల తరబడి పదిహేనుకు పదిహేను టిక్కులు. ఒక యంత్రం రిపేరు షెడ్డులో ఉన్న మూడు రోజులూ దానికి టిక్కులు పడుతూనే ఉన్నాయి! డేటా క్వాలిటీ సమస్య అనుకుని నోట్సు రాసుకున్నాను. ఆ తర్వాత వారానికి ఇంకో సైటులో తాడు తెగి ఇటుకల తొట్టి రెండంతస్తుల మీంచి పడింది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ రోజు కూడా ఆ యంత్రానికి పదిహేను టిక్కులున్నాయి. తమాషా ఏమిటంటే, ఆ పదిహేనింటిలో ఒక్కటీ అబద్ధం కాదు.

అదెలాగో చెప్పాలంటే ముందు యంత్రం గురించి కొంచెం తెలియాలి.

లోపల ఏముంది?

మోటారు, గేరు బాక్సు, డ్రమ్ము, బ్రేకు. బ్రేకు పద్ధతి ముచ్చటగా ఉంటుంది. స్ప్రింగు ఎప్పుడూ బ్రేకును బిగించి ఉంచుతుంది. కరెంటు వచ్చినప్పుడు మాత్రమే విద్యుదయస్కాంతం దాన్ని వదిలిస్తుంది. కరెంటు పోతే బరువు ఎక్కడున్నది అక్కడే ఆగుతుంది. ఈ ఆలోచన పాతదే. 1854లో న్యూయార్క్ ప్రదర్శనలో ఎలిషా ఓటిస్ తాను నిలబడ్డ లిఫ్టు తాడును జనం ముందే కోయించి, లిఫ్టు పడకుండా ఆగిపోవడం చూపించాడు. ఏదైనా చెడిపోతే భద్రమైన స్థితిలో ఆగాలన్నది అక్కడి సూత్రం.

హుక్కు మరీ పైకి వెళ్ళి డ్రమ్ముకు కొట్టుకోకుండా లిమిట్ స్విచ్చి ఉంటుంది. హుక్కు పైన ఉన్న దిమ్మ ఒక చిన్న చేతిని తాకగానే అది "పైకి" మీట సర్క్యూట్‌ను తెంచుతుంది. "కిందికి" సర్క్యూట్ మాత్రం పనిచేస్తూనే ఉండాలి, లేకపోతే పైన ఇరుక్కున్న బరువును దించడం కుదరదు. ఈ వాక్యం గుర్తుంచుకోండి, కథంతా ఇక్కడే ఉంది.

ఆ రోజు జరిగింది

అది మూడు ఫేజుల మోటారు. ముందు రోజు సాయంత్రం సైటులో జనరేటర్ మార్చారు. కేబుల్ మళ్ళీ కలిపేటప్పుడు రెండు ఫేజులు తారుమారయ్యాయి. మూడు ఫేజుల మోటారులో ఏ రెండు వైర్లు మార్చినా మోటారు ఎదురు దిక్కుకు తిరుగుతుంది. యంత్రం నడిపేది జగిత్యాల వైపు నుంచి వచ్చిన నలభై అయిదేళ్ళ మనిషి, పదేళ్ళ అనుభవం. తర్వాత నేను అడిగితే ఆయన చెప్పిన మాటలివి:

"కరెంటు ఎట్ల కలిపిన్రో గాని మీటలు ఉల్టా అయినయి సార్. మీదికి అని ఒత్తితే కిందికి పోతది, కిందికి అని ఒత్తితే మీదికి పోతది. గంటసేపట్ల చెయ్యి అలవాటైంది. మీద దానంతట అదే ఆగుతదనుకున్న."

ఇప్పుడు లెక్క చూడండి. ఆయన "కిందికి" మీట నొక్కి బరువును పైకి లేపుతున్నాడు. దిమ్మ పైకి వెళ్ళి లిమిట్ స్విచ్చిని తాకింది. స్విచ్చి తన పని తాను చేసింది, "పైకి" సర్క్యూట్‌ను తెంచింది. కానీ మోటారు నడుస్తున్నది "కిందికి" సర్క్యూట్ మీద. దిమ్మ డ్రమ్ముకు గుద్దుకుంది, తాడు తెగింది.

మరి పొద్దున లిమిట్ స్విచ్చిని పరీక్షించలేదా? పరీక్షించారు! "పైకి" మీట నొక్కి, కర్రతో లిమిట్ చేతిని ఎత్తి చూశారు. మోటారు ఆగింది. టిక్కు పెట్టారు. మన భాషలో చెప్పాలంటే యూనిట్ టెస్టు పాసయింది, సిస్టమ్ ఫెయిలయింది. విడిగా ప్రతి భాగమూ బాగానే ఉంది. కలిపి నడిపితే ఏమవుతుందో మాత్రం ఎవరూ చూడలేదు. "మీట మీద రాసిన దిక్కుకే హుక్కు కదులుతోందా?" అన్న ప్రశ్న ఆ పదిహేనింటిలో లేనే లేదు.

ఇక్కడ నేర్చుకోవలసినవి రెండు. మీటలు తిరగబడితే అది అలవాటు చేసుకునే విషయం కాదు, మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ను పిలవాల్సిన విషయం. రెండోది, లిమిట్ స్విచ్చి రోజూ వాడే బ్రేకు కాదు. ఎక్సెప్షన్ వస్తుందిలే అని లూప్‌కు ముగింపు రాయని ప్రోగ్రామరును మనం ఏమంటాం? హుక్కును కంటితో చూసి మీట వదిలి ఆపాలి. లిమిట్ స్విచ్చి పొరపాటు జరిగిన రోజుకు దాచుకున్నది. కొన్ని యంత్రాల్లో ఫేజుల వరుస తప్పితే మోటారును కదలనివ్వని రిలే ఉంటుంది. దిక్కుతో సంబంధం లేకుండా మెయిన్‌నే తెంచే రెండో లిమిట్ కూడా కొన్నింటిలో ఉంటుంది. కొనేటప్పుడు ఈ రెండూ అడగడం మంచిది.

రియాద్ కరెంటు సంగతి

సౌదీలో కరెంటు 60 హెర్ట్జ్, మన దేశంలో 50. 50 హెర్ట్జ్ కోసం చేసిన మోటారు ఇక్కడ దాదాపు 20 శాతం వేగంగా తిరుగుతుంది, అదే వోల్టేజి మీద బలం తగ్గుతుంది. అందుకని పేరు పలక మీద 60 హెర్ట్జ్ ఉందో లేదో చూడాలి.

ఇంకో మెలిక ఉంది. సౌదీలో పాత పద్ధతి 127/220 వోల్టులు. 2010లో 230/400 వోల్టులకు మారాలని నిర్ణయించి, ఏళ్ళ మీద మారుస్తూ వస్తున్నారు. పాత పద్ధతిలో 220 వోల్టుల సాకెట్‌లో న్యూట్రల్ ఉండదు, రెండు వైర్లూ ఫేజులే. ఒక్క వైరును తెంచే స్విచ్చి ఆపి "ఆఫ్ చేశాను కదా" అని మోటారు మూత తీస్తే రెండో వైరులో భూమితో పోలిస్తే 127 వోల్టులు సిద్ధంగా ఉంటాయి. అందుకే రెండు పోళ్ళ బ్రేకరు, ఎర్త్ లీకేజి బ్రేకరు ఉండాలి. మరమ్మతుకు ముందు ప్లగ్గు పీకి దగ్గర పెట్టుకోవాలి.

సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు సంగతీ చూద్దాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 50 మీటర్లు లాగితే రానూపోనూ నిరోధం సుమారు 1.2 ఓములు. చిన్న సింగిల్ ఫేజు మోటారు మొదలయ్యేటప్పుడు 30 ఆంపియర్లు లాగితే 36 వోల్టులు వైరులోనే పోతాయి. 220లో మిగిలేది 184. మోటారు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 70 శాతమే దక్కుతుంది. మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, బ్రేకు పూర్తిగా విడవక అరుగుతుంది. "మిషన్ బలం తగ్గింది" అని యంత్రాన్ని తిట్టే ముందు వైరును చూడాలి.

వేడి, దుమ్ము

మామూలు మోటార్లను 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు డిజైన్ చేస్తారు. వేసవిలో రియాద్ మధ్యాహ్నాలు దాన్ని సులువుగా దాటేస్తాయి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించడాన్ని సౌదీ ప్రభుత్వం నిషేధించింది. అది మనుషుల కోసం పెట్టిన నియమం, మూడు గంటలకు మోటారు చల్లబడి ఉంటుందన్న హామీ కాదు. పలక మీద ఎస్3 25 శాతం, 10 నిమిషాలు అని ఉంటే పది నిమిషాల్లో రెండున్నర నిమిషాలే మోటారు తిరగాలని అర్థం. పోయిన సమయాన్ని రాబట్టాలని ఆపకుండా నడిపితే వైండింగు కాలుతుంది. ఇసుక గాలి వచ్చిన మర్నాడు తాడుకు పట్టిన గ్రీజులో ఇసుక కలిసి గరుకు కాగితంలా పనిచేస్తుంది. పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టాలి.

ఎక్కడ బిగించాలి?

యంత్రం కింద, గిలక పైన పెట్టే పద్ధతిలో చాలామంది ఒక లెక్క మరిచిపోతారు. 200 కిలోలు ఎత్తుతుంటే గిలకకు అటు 200, ఇటు 200 లాగుడు ఉంటుంది. పైన గిలకను పట్టుకున్న దూలం మీద 400 కిలోలు పడుతుంది. పరంజా గొట్టానికి తాడుతో కట్టిన గిలక దీన్ని ఎలా మోస్తుంది?

పైన స్టాండు పెట్టి వెనక ప్రతిభారం వేసే పద్ధతిలో అంచు దాటిన చేయి ఒక మీటరు, వెనక చేయి ఒక మీటరు అయితే 200 కిలోలకు 200 కిలోలు సరిపోతుందనిపిస్తుంది. అది పడిపోవడానికి సిద్ధంగా ఉన్న సమతూకం. మోటారు కుదుపుకు కూడా చోటుండాలి కాబట్టి తయారీదారు చెప్పిన రెట్లు వేయాలి. సిమెంటు బస్తాలు ప్రతిభారంగా వాడకూడదు, మధ్యాహ్నానికి ఎవరో ఒక బస్తా మాలుకు పట్టుకుపోతారు. ఇసుక బస్తా చిరిగితే కారిపోతుంది. స్టాండుకు బిగించి తాళం వేసిన ఇనుప దిమ్మలే వాడాలి.

పొద్దున్నే పది నిమిషాలు

ఈ వరుస ముఖ్యం. ముందు కరెంటు లేకుండా, తర్వాత ఖాళీ హుక్కుతో, చివర బరువుతో.

1. ప్లగ్గు పీకి ఉండగా స్టాండు, బోల్టులు, ప్రతిభారం చూడాలి.

2. తాడును కంటితో, తోలు గ్లౌజు వేసుకుని చూడాలి. తాడు పేట ఒక పూర్తి చుట్టు తిరిగే పొడవులో ఆరు తీగలు తెగినా, ఒకే పేటలో మూడు తెగినా ఆ తాడు పనికిరాదు. మెలిక పడినా, పంజరంలా ఉబ్బినా, మందం 5 శాతం మించి తగ్గినా అంతే.

3. హుక్కు నోరు తెరుచుకుందా, నాలుక స్ప్రింగు మూసుకుంటోందా చూడాలి.

4. తాడు చివర క్లిప్పుల్లో వంకర బోల్టు తాడు కొస వైపు, దిమ్మ బరువు మోసే వైపు ఉండాలి. తిరగేస్తే బరువు మోసే తాడే నలుగుతుంది.

5. కరెంటు పెట్టి ఖాళీ హుక్కుతో "పైకి" నొక్కాలి. పైకే వెళ్ళాలి. లేదంటే పని అక్కడే ఆగాలి.

6. అదే మీటతో హుక్కును మెల్లగా, తట్టి తట్టి లిమిట్ దాకా తీసుకెళ్ళి ఆగుతుందేమో చూడాలి. కర్రతో కాదు, హుక్కుతోనే.

7. ఎర్ర మీట నొక్కితే రెండు దిక్కులా ఆగాలి.

8. హుక్కు అన్నిటికన్నా కిందికి దిగినప్పుడు కూడా డ్రమ్ము మీద కనీసం రెండు చుట్లు మిగలాలి. చాలామంది తయారీదారులు మూడు అడుగుతారు.

9. ఆ రోజు మొదటి బరువును అరచేతి ఎత్తు లేపి ఆపాలి. జారితే బ్రేకు సర్దాలి.

జనరేటర్, కేబుల్, ప్లగ్గు ఏది మార్చినా అయిదో అంశం నుంచి మళ్ళీ మొదలు. కోడ్ మారాక రిగ్రెషన్ టెస్టు చేయమా?

పని జరుగుతున్నప్పుడు

బరువు కింద మనిషి ఉండకూడదు. 10 మీటర్ల నుంచి పడ్డ వస్తువు నేలకు చేరడానికి సెకనున్నర కూడా పట్టదు, వేగం గంటకు 50 కిలోమీటర్లు. అరుపు విని తల ఎత్తేలోపు అయిపోతుంది. కాబట్టి కింద తాళ్ళు కట్టి దారి మూసేయాలి. పక్కకు లాగకూడదు, తాడు గాడి తప్పుతుంది. మనిషిని ఎక్కించకూడదు, ఒక్క అంతస్తుకైనా సరే. గాలి పెరిగితే బరువు దించి ఆపాలి. 2015 సెప్టెంబరు 11న మక్కాలో గాలివానకు క్రేన్ కూలి 100 మందికి పైగా చనిపోయారు. పని లేనప్పుడు క్రేన్ చేయిని దించి ఉంచాలని తయారీదారు పుస్తకంలో ఉన్నా దించలేదని ఆ తర్వాత ప్రభుత్వమే ప్రకటించింది. పుస్తకం ఉంది, చదివినవాళ్ళు లేరు.

చివరిగా

ఆ సైటులో హాయిస్టు పుస్తకం ఇంగ్లీషులో, చైనీసులో ఉంది. చెక్‌లిస్టు ఇంగ్లీషు, అరబిక్కుల్లో ఉంది. నడిపే మనిషికి వచ్చింది తెలుగు. టిక్కు పెట్టేది సూపర్‌వైజరు. అంటే పరీక్ష చేసేవాడు, రాసేవాడు, అర్థమైనవాడు ముగ్గురూ వేరు.

చివరికి నేను చేసింది చిన్న పని. పై తొమ్మిది అంశాలనూ ఆపరేటర్ చెయ్యి యంత్రాన్ని తాకే వరుసలో, తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక పేజీలో రాసి, ప్లాస్టిక్ కాగితంలో పెట్టి మీటల పెట్టె పక్కన వేలాడదీయించాను. సాఫ్ట్‌వేర్‌లో "ఓకే" అన్న టిక్కు తీసేసి, లిమిట్ దగ్గర ఆగిన హుక్కు ఫోటో అడిగేలా మార్చాను. మొదటి వారంలోనే రెండు యంత్రాలు ఫెయిలయ్యాయి. కాంట్రాక్టరు ముఖం చిట్లించాడు కానీ నాకు మాత్రం ఆ డేటా చూశాకే మొదటిసారి నమ్మకం కలిగింది.

ఆ పేజీని తప్పులు లేకుండా దిద్దింది జగిత్యాల ఆపరేటరే. "మీదికి అంటే మీదికే పోవాలె అని మొదట రాయున్రి సార్" అన్నాడు. అలాగే మొదటి వాక్యంగా రాశాను. గల్ఫ్‌లో ఉన్న మీలో ఎవరికైనా శుక్రవారం బత్హా బజారులో మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు కలిస్తే, వాళ్ళు నడిపే యంత్రం గురించి అడిగి చూడండి. దాని పుస్తకం తెలుగులో ఒక పేజీ రాయడానికి మనకు ఒక సాయంత్రం చాలు.