ప్రోగ్రామ్ పంపే డిజిటల్ సంతకపు ఈమెయిల్: తరచూ అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు భారతదేశంలో ఐటీ చట్టం, 2000 వర్తించే సందర్భాలకే. ఇందులో ‘పంపినవారు’ అంటే ఎవరి తరఫున ప్రోగ్రామ్ ఈమెయిల్ పంపుతుందో ఆ వ్యక్తి లేదా సంస్థ. ‘ప్రైవేటు కీ’ అంటే డిజిటల్ సంతకం చేసే రహస్య కీ. సెక్షన్ల అంకెలు, వేరుగా చెప్పనిచోట, ఐటీ చట్టానివే.

1. ఎవరూ చూడకుండా ప్రోగ్రామ్ పంపిన ఈమెయిల్‌కు బాధ్యత ఎవరిది?
పంపినవారిదే. పంపినవారు గానీ, వారి తరఫున మరొకరు గానీ తనంతట తాను పనిచేసేలా అమర్చిన వ్యవస్థ నుంచి వెళ్లిన రికార్డు పంపినవారిదేనని సెక్షన్ 11 చెబుతోంది. ప్రోగ్రామ్ ఏయే ఈమెయిళ్లపై సంతకం చేయవచ్చో ముందే రాతపూర్వకంగా నిర్ణయించండి.

2. ఏ డిజిటల్ సంతకపు సర్టిఫికెట్ వాడాలి?
సెక్షన్ 3 కింద గుర్తింపు కావాలంటే, లైసెన్సు ఉన్న సర్టిఫైయింగ్ అథారిటీ జారీచేసినది వాడాలి. అది ఈమెయిల్ సంతకానికి అనుమతిస్తుందో లేదో, అందులోని చిరునామా ‘ఫ్రమ్’ చిరునామాతో సరిపోతుందో లేదో చూడండి. ఉద్యోగి వ్యక్తిగత టోకెన్ (ప్రైవేటు కీ ఉండే పరికరం), పిన్ ప్రోగ్రామ్‌కు అప్పగించకండి. జతచేసిన పీడీఎఫ్‌పై మాత్రమే సంతకం ఉంటే, ఈమెయిల్ పాఠానికి సంతకం రక్షణ ఉండదు. సర్టిఫికెట్ గడువు ముగిస్తే ప్రోగ్రామ్ సంతకం చేయడం ఆపేయాలి.

3. డీకిమ్ ఉంటే చాలదా?
చాలదు. డీకిమ్ డొమైన్ తరఫున మెయిల్ సర్వర్ వేసే ముద్ర. అది సాక్ష్యానికి ఊతమివ్వవచ్చు గానీ, సెక్షన్ 3 చెప్పే డిజిటల్ సంతకానికి బదులు కాదు.

4. ఈమెయిల్ ఎప్పుడు పంపినట్టు? ఎప్పుడు అందినట్టు?
వేరే ఒప్పందం లేకుంటే సెక్షన్ 13 వర్తిస్తుంది. పంపినవారి అదుపులో లేని కంప్యూటర్ వ్యవస్థలోకి ఈమెయిల్ ప్రవేశించినప్పుడు పంపినట్టు. స్వీకర్త నిర్దేశించిన వ్యవస్థలోకి చేరినప్పుడు అందినట్టు. నిర్దేశించినది కాక మరో వ్యవస్థకు పంపితే, స్వీకర్త దాన్ని అక్కడినుంచి తీసుకున్నప్పుడే అందినట్టు. ప్రోగ్రామ్ ‘పంపాను’ అని నమోదు చేస్తే సరిపోదు. అవతలి సర్వర్ స్వీకరించినట్టు చూపే లాగ్ భద్రపరచండి.

5. ‘రసీదు అందితేనే కట్టుబడతాం’ అని రాయవచ్చా?
రాయవచ్చు. అయితే రసీదు రాకుంటే ఆ ఈమెయిల్ అసలు పంపనట్టే లెక్క (సెక్షన్ 12). ప్రతి ఈమెయిల్‌లోనూ ఈ షరతు దానంతటదే చేరేలా అమర్చకండి.

6. ప్రైవేటు కీ పరుల చేతికి చిక్కితే?
వెంటనే ప్రోగ్రామ్ ఆపండి. ఆలస్యం లేకుండా సర్టిఫైయింగ్ అథారిటీకి తెలియజేయండి. తెలియజేసేంతవరకు బాధ్యత సర్టిఫికెట్‌దారుడిదే (సెక్షన్ 42). ఇతరుల సంతకాన్ని మోసపూరితంగా వాడితే 3 ఏళ్ల వరకు జైలు, రూ.1 లక్ష వరకు జరిమానా (సెక్షన్ 66సీ).

7. ఏ పత్రాలకు డిజిటల్ సంతకపు ఈమెయిల్ పనికిరాదు?
వీలునామాకు, ట్రస్టుకు ఐటీ చట్టం వర్తించదు. పవర్ ఆఫ్ అటార్నీకి, ప్రామిసరీ నోటుకు కూడా సాధారణంగా వర్తించదు; పరిమిత మినహాయింపులే ఉన్నాయి. మీ పత్రం ఆ మినహాయింపుల కిందికి వస్తుందో లేదో ముందు న్యాయవాదితో తేల్చుకోండి.

8. ఈమెయిల్‌ను కోర్టులో దాఖలు చేయాలంటే?
2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63(4) ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అందులో హ్యాష్ విలువ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కించే గుర్తింపు సంకేతం) పేర్కొనాలి. ఒక భాగంపై పక్షకారు, మరో భాగంపై నిపుణుడు సంతకం చేయాలి. ప్రింటు తీసుకుని మూల ఫైలు చెరిపేయకండి. హెడర్లు, జతపత్రాలు, సంతకంతో సహా ఈమెయిల్‌ను ఏ మార్పూ లేకుండా దాచండి; పాఠంలో ఒక్క అక్షరం మారినా సంతకం సరిపోలదు.