గచ్చు కింద వేడినీళ్ళు

కోటగిరి



బిడ్డా, జర్మనీలో కొత్త ఇళ్ళల్లో గోడలకు రేడియేటర్లు కనబడటం లేదనీ, గచ్చు కిందే వేడినీళ్ళ పైపులు పరుస్తున్నారనీ రాశావు. ఆ పద్ధతి మంచిచెడ్డలు చెప్పమన్నావు. ఇక్కడ మన ఇల్లు తిరగకట్టేటప్పుడు అదే వేయిద్దామని మీ నాయిన పట్టుబడుతున్నాడు గనుక దాని మీదా నా మాట అడిగావు. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ బాయిలర్ల దగ్గరే నా కొలువంతా గడిచింది. చెరుకు పిప్పి మండించి ఆవిరి పుట్టించడం, దాని వేడి దారిలో పోకుండా చేరాల్సిన చోటికి చేర్చడం మా పని. నీ గచ్చు కింద ఉన్నదీ ఆ విద్యే. ఆవిరికి బదులు గోరువెచ్చని నీళ్ళు, అంతే.

ముందు ఆ నీటి వేడి సంగతి పట్టుకో. మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. గోడ రేడియేటరు చిన్నది, దానికి 60, 70 డిగ్రీల నీళ్ళు కావాలి. గచ్చు గదంత వెడల్పు కాబట్టి 35, 40 డిగ్రీలు సరిపోతాయి. మనుషులు తిరిగే చోట గచ్చు పైభాగం 29 డిగ్రీలు దాటకూడదని యూరప్ ప్రమాణం. గది 20 డిగ్రీలు, గచ్చు 29 అనుకుంటే చదరపు మీటరుకు సుమారు 100 వాట్ల వేడి పైకి వస్తుంది. అంతకు మించి ఆశించకు. కిటికీల నుంచీ గోడల నుంచీ అంతకన్నా ఎక్కువ వేడి పోగొట్టుకునే ఇల్లయితే, ఎంతసేపు పంపు తిప్పినా గది వెచ్చబడదు. పాత ఇంటికి ఇది వేయాలంటే ముందు గోడలూ కిటికీలూ బాగు చేసుకోవాల్సిందే.

తక్కువ వేడి నీళ్ళతో గడిచిపోవడమే దీని పెద్ద లాభం. ఈ వేడిమికి హీట్ పంపు ఒక యూనిట్ కరెంటుతో మూడు, నాలుగు యూనిట్ల వేడి ఇవ్వగలదు. నీళ్ళు ఇంకా వేడిగా కావాలన్న కొద్దీ ఆ లాభం తరుగుతుంది. పైపులకు బదులు కరెంటు తీగల చాపలు పరిచే పద్ధతీ ఉంది. అందులో యూనిట్‌కు యూనిటే. చిన్న స్నానాలగదికైతే సరే, ఇల్లంతా పరిస్తే బిల్లు భరించలేం. సుఖం మాటకొస్తే, పాదాలు వెచ్చగా ఉంటాయి, తల దగ్గర గాలి మరీ కాగదు, దుమ్ము తక్కువ లేస్తుంది, గోడలు ఖాళీగా మిగులుతాయి. కొరియా వాళ్ళు వంటపొయ్యి పొగను గచ్చు కింది కాలువల్లోంచి పోనిచ్చి తరతరాలుగా ఇళ్ళు వెచ్చబెట్టుకున్నారు. ఓండోల్ అంటారు దాన్ని. ఇప్పుడు వాళ్ళ అపార్టుమెంట్లలో పొగ పోయి నీళ్ళ పైపులు వచ్చాయి. కింద కూర్చుని తినేవాళ్ళకు, కిందే పడుకునేవాళ్ళకు అది హాయి. మీ నాయినకు ఆశ పుట్టిందీ అందుకే.

ఇక చెడ్డ. ఇది నిదానంగా కదిలే సరుకు. పైపుల మీద ఆరేడు సెంటీమీటర్ల సిమెంటు పోత ఉంటుంది. అది కాగడానికి గంటలు, చల్లారడానికీ గంటలే. కిటికీలోంచి ఎండ పడి గది వేడెక్కినా గచ్చు వెంటనే తగ్గదు. పొద్దున పోయి రాత్రికి వచ్చే ఒంటి మనిషి కన్నా, ముసలివాళ్ళూ పసిపిల్లలూ రోజంతా ఉండే ఇంటికే ఇది తగినది. పైన రాయి, టైల్స్ అయితే మేలు. మందపాటి తివాచీ పరిస్తే వేడి కిందే ఉండిపోతుంది.

రెండో చెడ్డ మరీ ముఖ్యం. మా ఫ్యాక్టరీలో ఆవిరి పైపు కారితే పై చుట్టు విప్పి చూసేవాళ్ళం. ఇక్కడ విప్పడమంటే గచ్చు పగలగొట్టడమే. అందుకని ఇలాంటి గచ్చు వేయించే చోట నీ కన్ను పోత పోసే రోజు మీదే ఉండాలి. అడుగున వేడిని ఆపే పలకలు వేశారా, గోడల వెంట మెత్తటి పట్టీ పెట్టారా చూడు. 16 మిల్లీమీటర్ల పైపు ఒక్కో చుట్టు 100 మీటర్లు దాటకుండా, గచ్చు లోపల అతుకే లేకుండా రావాలి. పోత పోస్తున్నంతసేపూ పైపుల్లో ఒత్తిడి నిలబెట్టి గేజి ముల్లు కదులుతుందేమో కనిపెట్టు. కప్పేయకముందే టేపు పెట్టి ఫోటోలు తీయించు. రేపెవరో తలుపు ఆపేందుకు గచ్చులో డ్రిల్లు దింపుతారు, అప్పుడు ఆ ఫోటోలే దిక్కు. సిమెంటు పోతయితే 21 రోజులు ఆగాలి. ఆ తరవాత 25 డిగ్రీల నీళ్ళతో మూడు రోజులు నడిపి, అప్పుడే పూర్తి వేడికి పోవాలి. తొందరపడితే పగుళ్ళే.

మన ఇంటికి మాత్రం వద్దని మీ నాయినకు చెప్పు. ఇక్కడ ముదిరిన చలి కొన్ని వారాలే, అదీ తెల్లవారుజామున. దానికి గొంగడి ఉంది. మనల్ని తినేది ఎండకాలం. ఇవే పైపుల్లో చల్లటి నీళ్ళు పంపితే కాదా అని నువ్వడగొచ్చు. హైదరాబాదు పక్కన పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్ళు అదే చేశారు. ఒకే భవనంలో సగానికి మామూలు ఏసీ, సగానికి స్లాబులో చల్లనీటి పైపులు పెట్టి కొలిస్తే, పైపుల సగం సుమారు మూడో వంతు తక్కువ కరెంటుతో నడిచింది. కానీ అక్కడ గాలిలో తడిని తీసే యంత్రం వేరే ఉంది. అది లేకుండా మన వానకాలంలో గచ్చు చల్లబరిస్తే దాని మీద తేమ పట్టి కాలు జారుతుంది. ఆ డబ్బుతో పైకప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయించడం నయం. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ అదే. కింద ఎప్పటిలా షాబాద్ బండలు.

నువ్వు చేసి పంపాల్సిన పని ఒకటుంది. నీ గచ్చు పైపులన్నీ కలిసే పెట్టె దగ్గర ఒక్కో చుట్టుకు పోయే నీటి వేడి, తిరిగొచ్చే నీటి వేడి రాసుకో. రెండింటికీ మధ్య 5 నుంచి 8 డిగ్రీల తేడా ఉండాలి. తేడా మరీ తక్కువున్న చుట్టులో నీళ్ళు ఎక్కువ పోతున్నట్టు లెక్క, దాని వాల్వు కొంచెం కట్టేసి మళ్ళీ కొలువు. మార్చక ముందువీ, మార్చిన తరవాతవీ రెండు పట్టికలూ నాకు పంపు.

మీ తాత