‘స్టార్టింగ్ కెర్నల్’ దగ్గర బోర్డు ఆగిపోయిందా? ఆర్మ్ లైనక్స్‌లో డీబగ్ ఆప్షన్లు ఇలా పెట్టుకోండి

సొంతంగా కెర్నల్ బిల్డ్ చేసుకునేవాళ్లకి ఈ సీన్ తెలిసే ఉంటుంది. ఎస్‌డీ కార్డు పెట్టాం, పవర్ ఇచ్చాం, యూ-బూట్ తన పని తాను చేసుకుపోయింది, సీరియల్ స్క్రీన్ మీద ‘స్టార్టింగ్ కెర్నల్’ అని వచ్చి మూడు చుక్కలు పడ్డాయి. అంతే, ఇక ఒక్క అక్షరం రాదు. కెర్నల్ అసలు మొదలే కాలేదా? మొదలై మధ్యలో పడిపోయిందా? లేక బాగానే నడుస్తోంది, దాని మాట మనకి వినిపించడం లేదా? బయటి నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి.

అందుకే డీబగ్ ఆప్షన్లు ఆన్ చేసేటప్పుడు వరుస ముఖ్యం. ముందు కెర్నల్‌కి గొంతు రావాలి, తర్వాత చనిపోయినా దాని చివరి మాటలు మిగలాలి, తప్పులు పట్టే బరువైన ఆప్షన్లు ఆ తర్వాతే. చాలామంది ‘కెర్నల్ హ్యాకింగ్’ మెనూలోకి వెళ్లి కనిపించిన ప్రతిదానికీ టిక్ పెట్టేస్తారు. నేనూ అదే చేశాను, ఫలితం కింద చెప్తాను.

ఉదాహరణకి బీగల్‌బోన్ బ్లాక్ తీసుకుందాం. 1 గిగాహెర్ట్జ్ కార్టెక్స్-ఏ8 సింగిల్ కోర్, 512 ఎంబీ ర్యామ్, 32 బిట్ ఆర్మ్. ఆప్షన్ల పేర్లు పలికినట్టే రాస్తున్నాను. మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ కీ నొక్కి, పదాల మధ్య అండర్‌స్కోర్ పెట్టి ఇంగ్లీషులో టైప్ చేస్తే ఆప్షన్ ఎక్కడుందో అదే చూపిస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క జాగ్రత్త. మేక్ కమాండ్‌కి ఆర్క్ ఈజ్ ఈక్వల్ టు ఆర్మ్ అని చెప్పకుండా మెనూకాన్ఫిగ్ తెరిస్తే మీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మెనూ వస్తుంది. అందులో ఆర్మ్ ఆప్షన్లు ఎంత వెతికినా దొరకవు.

ముందు గొంతు

బోర్డు మీద సీరియల్ కోసం 6 పిన్నుల హెడర్ ఉంటుంది. 1వ పిన్ గ్రౌండ్, 4 రిసీవ్, 5 ట్రాన్స్‌మిట్. 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ కేబులే వాడండి. 5 వోల్టుల సిగ్నల్ ఇవ్వకండి. స్పీడు 115200.

మామూలు కన్సోల్ డ్రైవర్ బూట్‌లో కొంచెం ఆలస్యంగా లేస్తుంది. అంతకుముందే కెర్నల్ పడిపోతే మెసేజ్‌లు మెమరీలోనే ఉండిపోతాయి. దీనికి రెండు దారులు. మొదటిది ఎర్లీకాన్: బూట్ ఆర్గ్యుమెంట్లలో ఆ ఒక్క మాట చేరిస్తే, డివైస్ ట్రీలో కన్సోల్‌గా చూపించిన పోర్టుని, డ్రైవర్ సపోర్ట్ ఉంటే, త్వరగా వాడుకుంటుంది. మళ్లీ బిల్డ్ చేయక్కర్లేదు కాబట్టి ముందు ఇదే ట్రై చేయండి. ఇప్పటి ఫోన్లలో ఉండే 64 బిట్ ఆర్మ్‌కి ఈ దారే.

డివైస్ ట్రీ చదవకముందే చచ్చిపోతుంటే రెండో దారి, 32 బిట్ ఆర్మ్‌లో మాత్రమే ఉండే డీబగ్ ఎల్ఎల్. కెర్నల్ హ్యాకింగ్ మెనూలో ఆర్మ్ డీబగ్గింగ్ కింద ఉంటుంది. ఆ ఆప్షన్ పేరు పక్కనే ‘హెల్ప్ చదవండి!’ అని రాసిపెట్టారు. సరదాకి రాసింది కాదది. ఇది ఎంచుకుంటే సీరియల్ పోర్టు అడ్రస్ కెర్నల్‌లోకి నేరుగా ఎక్కిపోతుంది, అలాంటి కెర్నల్ వేరే బోర్డులో బూట్ అవ్వదు.

నేను చదవలేదు. సరే, సగం చదివాను. పోర్టుల లిస్టులో ఓమ్యాప్3 యూఆర్ట్3 హెల్ప్‌లో ‘బీగల్’ అని కనిపించింది, వెంటనే ఎంచుకున్నా. ఆ బీగల్ పాత బీగల్‌బోర్డ్. అదే లిస్టులో నోకియా ఎన్900 ఫోన్ కూడా ఉంటుంది. బీగల్‌బోన్ బ్లాక్‌లో ఉన్నది ఏఎమ్335ఎక్స్ చిప్, దాని పోర్టు అడ్రస్ వేరు. దాంతో బాగా బూట్ అవుతున్న కెర్నల్ కూడా నోరు మూసుకుంది. రెండు రాత్రులు నా డ్రైవర్ కోడ్‌లో తప్పు వెతికాను. తప్పు డీబగ్ ఆప్షన్‌లోనే ఉంది.

సరైనది ఏఎమ్33ఎక్స్ఎక్స్ యూఆర్ట్1. ఇక్కడ ఇంకో మెలిక. చిప్ మాన్యువల్‌లో ఈ పోర్టు పేరు యూఆర్ట్0, కెర్నల్ మెనూ మాత్రం 1 నుంచి లెక్కపెడుతుంది. రెండూ ఒకటే. దీంతోపాటు ఎర్లీ ప్రింట్‌కే ఆన్ చేసి, బూట్ ఆర్గ్యుమెంట్లలో కూడా ఎర్లీప్రింట్‌కే అని రాయాలి. డీబగ్ అన్‌కంప్రెస్ కూడా పెడితే ‘అన్‌కంప్రెసింగ్ లైనక్స్’ అనే లైన్ వస్తుంది. ఆ లైన్ కనిపించిందంటే పోర్టు సరిగ్గా ఎంచుకున్నట్టే, తప్పు ఇక ముందుకెళ్లి వెతకాలి.

చివరి మాటలు దాచుకోవడం

ఎప్పుడూ కేబుల్ పెట్టుకుని కూర్చోలేం కదా. మూడు రోజులకోసారి పడిపోయే బోర్డుకి పీస్టోర్, పీస్టోర్ ర్యామ్, పీస్టోర్ కన్సోల్ ఆన్ చేయండి. డివైస్ ట్రీలో ర్యామ్‌లో చిన్న ముక్క ర్యామ్‌ఊప్స్ పేరుతో రిజర్వ్ చేయాలి. క్రాష్ అయి రీబూట్ అయ్యాక ఆ లాగ్ పీస్టోర్ ఫోల్డర్‌లో ఫైల్‌గా కనిపిస్తుంది. కస్టమ్ రామ్‌లు వేసే మిత్రులు ఫోన్ రీస్టార్ట్ అవ్వగానే వెతికే లాగ్ ఇదే. పవర్ లాగేస్తే మాత్రం ర్యామ్‌తో పాటే పోతుంది, అందుకే బూట్ ఆర్గ్యుమెంట్లలో ప్యానిక్ విలువ 10 అని పెడితే పది సెకన్లకి తనంతట తానే రీబూట్ అవుతుంది.

పెట్టి వదిలేయకండి. మ్యాజిక్ సిస్‌ఆర్‌క్యూ ఆన్ చేసి, సింక్ కొట్టి, సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైల్‌లోకి సి అనే ఇంగ్లీష్ అక్షరం పంపండి. కెర్నల్ కావాలనే క్రాష్ అవుతుంది. రీబూట్ తర్వాత లాగ్ కనిపిస్తేనే మీ సెటప్ పనిచేస్తున్నట్టు. నిజం క్రాష్ వచ్చిన రోజు ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే ఎంత బాధో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఈ సిస్‌ఆర్‌క్యూ ఇంకోచోట కూడా పనికొస్తుంది. బోర్డు హ్యాంగ్ అయినప్పుడు సీరియల్ నుంచి బ్రేక్ పంపి, 5 సెకన్లలోపు డబ్ల్యూ నొక్కితే ఎక్కడికక్కడ ఆగిపోయిన టాస్కులన్నీ చూపిస్తుంది. మినీకామ్‌లో బ్రేక్ అంటే కంట్రోల్ ఏ, తర్వాత ఎఫ్.

లాగ్ నుంచి లైన్ నంబర్‌కి

క్రాష్ లాగ్‌లో ‘పీసీ ఈజ్ ఎట్’ అని ఒక ఫంక్షన్ పేరు, పక్కన ఆఫ్‌సెట్ ఉంటాయి. అది సోర్స్‌లో ఏ లైనో తెలియాలంటే డీబగ్ ఇన్ఫో కావాలి. 5.18 వెర్షన్ నుంచి ఇది టిక్ కాదు, డ్వార్ఫ్ వెర్షన్ ఎంచుకునే లిస్టు. బిల్డ్ ఫోల్డర్‌లో వీఎమ్‌లైనక్స్ ఫైల్ బాగా ఉబ్బుతుంది, కంగారు పడకండి. బోర్డుకి వెళ్లే జెడ్‌ఇమేజ్‌లో ఆ బరువు ఉండదు. మాడ్యూల్స్‌లో ఉంటుంది కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్ట్రిప్ చేయండి. స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లోని ఎఫ్ఏడీడీఆర్2లైన్‌కి వీఎమ్‌లైనక్స్‌తో పాటు ఆ ఫంక్షన్, ఆఫ్‌సెట్ ఇస్తే ఫైల్ పేరు, లైన్ నంబర్ చెప్తుంది. క్రాస్ కంపైల్ వేరియబుల్ సెట్ చేసి ఉండాలి. అదే బిల్డ్‌లో వచ్చిన వీఎమ్‌లైనక్స్ అయి ఉండాలి, లేకపోతే ధైర్యంగా తప్పు లైన్ చూపిస్తుంది.

బరువైనవి ఒక్కొక్కటిగా

డీబగ్ అటామిక్ స్లీప్ తేలికైనదే, డ్రైవర్ రాసేవాళ్లు ఎప్పుడూ ఆన్‌లో ఉంచుకోవచ్చు. హంగ్ టాస్క్ డిటెక్టర్ కూడా అంతే, 120 సెకన్లు కదలని టాస్కుని పేరు పెట్టి చూపిస్తుంది.

కేసాన్ సంగతి వేరు. వాడేసి వదిలేసిన మెమరీని మళ్లీ ముట్టుకుంటే అక్కడికక్కడే పట్టేస్తుంది, దానికి సాటి లేదు. 32 బిట్ ఆర్మ్‌కి 5.11 నుంచి వచ్చింది. కానీ మెమరీలో ఎనిమిదో వంతు తనకే తీసుకుంటుంది, అంటే మన 512 ఎంబీలో 64 ఎంబీ. వేగం దాదాపు మూడు రెట్లు పడిపోతుంది. లాకుల్లో తప్పులు పట్టే ప్రూవ్ లాకింగ్ కూడా బరువే. రెండూ కలిపి పెడితే టైమింగ్ మారిపోయి, మీరు వెతుకుతున్న బగ్గే రాకుండా పోవచ్చు. బగ్ పోయిందని సంతోషపడి ఆప్షన్ తీసేస్తే మళ్లీ హాజరు. మెమరీ పాడవుతోందని అనుమానం ఉంటే కేసాన్, డెడ్‌లాక్ అనుమానం ఉంటే ప్రూవ్ లాకింగ్, ఒకసారికి ఒకటే.

సేవ్ చేశాక కాన్ఫిగ్ ఫైల్ తెరిచి మీరు పెట్టినవి నిజంగా ఉన్నాయో లేదో చూడండి. డిపెండెన్సీ కుదరకపోతే కొన్ని చప్పుడు లేకుండా మాయమవుతాయి. స్క్రిప్ట్స్‌లోని డిఫ్‌కాన్ఫిగ్ పాత ఫైల్‌కీ కొత్తదానికీ తేడా చూపిస్తుంది. డీబగ్ ఆప్షన్లన్నీ విడిగా ఒక చిన్న ఫ్రాగ్మెంట్ ఫైల్‌లో రాసుకుని మెర్జ్ కాన్ఫిగ్ స్క్రిప్ట్‌తో కలుపుకుంటే, బోర్డు వేరేవాళ్ల చేతికి ఇచ్చే రోజు ఆ ఫైల్ లేకుండా బిల్డ్ చేస్తే సరిపోతుంది.