చేతులు ఖాళీగా ఫోన్ మాట్లాడాలంటే

జానపద గేయాల ప్రాజెక్టు కోసం హోసూరు దగ్గరున్న మా అవ్వకి ఫోన్ చేశాను. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో టైపింగు. ఆమె మూడో చరణంలో ఉంటే నేను మొదటిదాంట్లోనే ఉన్నాను. ఆపమంటే, "మధ్యలో నిలిపితే మళ్లా రాదే" అంది. అప్పుడు నేర్చుకున్న ఉపాయం ఇది.

విండోస్ 10, 11 కంప్యూటర్లలో ‘ఫోన్ లింక్’ యాప్ తెరిచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘లింక్ టు విండోస్’ ఉండాలి. రెండింటిలోనూ బ్లూటూత్ ఆన్ చేసి, కంప్యూటర్ చూపించే క్యూఆర్ కోడ్‌ని ఫోన్‌తో స్కాన్ చేసి, అడిగిన అనుమతులివ్వాలి. తర్వాత ‘కాల్స్’లో బ్లూటూత్ జత పూర్తిచేస్తే, నంబరు కంప్యూటర్లోనే నొక్కొచ్చు. హెడ్‌సెట్ పెట్టుకుంటే రెండు చేతులూ కీబోర్డు మీదే.

కాల్ వెళ్లేది మాత్రం మన సిమ్ మీదే. కంప్యూటర్ దానికి చెవీ, నోరూ అంతే. గొంతు బ్లూటూత్ మీద వస్తుంది కాబట్టి ఫోను దగ్గర్లోనే ఉండాలి.

ఒక్క జాగ్రత్త. ల్యాబ్ కంప్యూటర్లోనో, నెట్ సెంటర్లోనో ఇది చేయకండి. జత చేసిన కంప్యూటర్లో మన మెసేజీలు, కాల్ లిస్టు, ఫొటోలు కూడా కనబడతాయి. బ్యాంకు ఓటీపీ కూడా మెసేజే కదా! స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో తప్పనిసరైతే, పని కాగానే యాప్‌లోనూ, ఫోన్ బ్లూటూత్‌లోనూ జత తీసేయండి.

ఈసారి పాట ఆపకుండా రాసుకున్నాను. చదివి వినిపిస్తే అవ్వ రెండు తప్పులు దిద్దింది. మీరూ చదివి వినిపించడం మరవకండి.