రోగి చేయు పని యేది?

మార్కాపురపు పలకల పనిలో, రాతి క్వారీలలో ధూళి పీల్చినవారికి దగ్గు, ఆయాసము కలిగిన, క్షయయనియే తలచుట కలదు. అది సిలికోసిస్ కావచ్చును. రెండును కలిసియు ఉండవచ్చును. క్షయ మందులకు సిలికోసిస్ లొంగదు.

రోగిని వృత్తి యేదని కూడ అడుగవలెనని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే వ్రాసెను. పని వివరము, ఛాతీ ఎక్స్‌రే, కఫ పరీక్ష కలిపి చూచినగాని నిజము తేలదు. కర్మాగారపు పనివానిలో ఈ వ్యాధి కనిపించినచో వైద్యుడు ఫ్యాక్టరీల ప్రధాన తనిఖీ అధికారికి తెలుపవలెనని 1948 నాటి చట్టము విధించెను. అయినను, కిక్కిరిసిన ఆసుపత్రిలో అడుగుటకు తీరిక యెక్కడిది?

కావున సభ్యులు రోగిని పంపునపుడు, అతడు ఏ పని, ఎక్కడ, ఎన్ని యేండ్లు చేసెనో చీటీపై వ్రాసి వైద్యునికి అందజేయింపవలెనని కోరుచున్నాము. పని మానినవారికిని ఇట్లే వ్రాయవలెను. ఈ వ్యాధి పని మానిన యేండ్లకు కూడ బయటపడును.