తీరం కోతను ఆపే చదువు

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు పెద్ద తుపాను వచ్చినప్పుడల్లా దెబ్బతింటుంది. రాళ్లు పోస్తారు, రోడ్డు వేస్తారు, మళ్లీ కెరటాలు లాగేస్తాయి. ఇసుక నింపిన జియోట్యూబులతో కట్టిన రక్షణ కట్ట కూడా అక్కడ నిలవలేదు. జాందానీ చీరలకు పేరుపడ్డ ఆ ఊళ్లో ఇల్లు సముద్రంలో కలిసిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు. 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలను పరిశీలించిన చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం, దేశ తీరంలో 33.6 శాతం కోతకు గురవుతోందని తేల్చింది. ఆంధ్రప్రదేశ్ తీరంలో అది నాలుగో వంతుకు పైనే. ఇంత నష్టం జరుగుతున్న తీరంలో కోతను ఆపే విద్య నేర్చినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే కనిపిస్తారు. మన పిల్లలు ఇటు రావాలన్నది నా గట్టి కోరిక.

గోడ కట్టడం ఇందులో చివరి పని. మొదటిది ఇసుక లెక్క. నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు ఏటవాలుగా వచ్చి తీరం ఇసుకను ఉత్తరానికి నెడతాయి. శీతాకాలంలో కొంత వెనక్కి వస్తుంది కానీ, ఏడాది మొత్తం మీద మన తూర్పు తీరంలో ఇసుక నడక ఉత్తరానికే. మధ్యలో ఓడరేవు కోసం సముద్రంలోకి రాతి కట్ట వేస్తే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన బీచ్ తరిగిపోతుంది. విశాఖ ఆర్కే బీచ్ కష్టం ఇదే. అందుకే ఔటర్ హార్బర్ దగ్గర ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి బీచ్ వైపు పోస్తుంటారు. పైగా నదుల మీద ఆనకట్టలు కట్టాక గోదావరి, కృష్ణా డెల్టాలకు వచ్చే ఒండ్రు బాగా తగ్గింది. ఈ లెక్క తేలకుండా ఒకచోట గోడ కడితే కోత పక్క ఊరికి జరుగుతుంది. రాళ్ల కట్టల మీద కోట్లు పోసి ఈ ముక్క మరిచిపోవడం మన దగ్గర మామూలైపోయింది.

ఫీల్డులో పని చాలా ఓపికగా సాగుతుంది. ఒడ్డున కదలని ఒక రాయిని గుర్తుగా పెట్టుకుని, అక్కడి నుంచి నీళ్ల అంచు దాకా లెవెల్, స్టాఫ్‌లతో ఇసుక ఎత్తు కొలుచుకుంటూ పోతారు. పోటు దిగి పాటు ఉన్న సమయం చూసుకుని వెళ్లాలి. అదే గీత మీద వానాకాలం ముందు, తర్వాత మళ్లీ కొలవాలి. ఇసుకను సంచిలో తెచ్చి జల్లెడలు పట్టి రేణువు పరిమాణం చూడాలి. ఆ అంకెలు చేతిలో ఉంటేనే డెల్ఫ్ట్3డీ, ఎక్స్‌బీచ్ లాంటి కంప్యూటర్ మోడళ్లు నమ్మదగ్గ జవాబు ఇస్తాయి. ఒడ్డున వల బాగుచేసుకునే పెద్దాయనతో కూర్చుని ఏ ఏడు సముద్రం ఎక్కడిదాకా వచ్చిందో అడిగి రాసుకోవడం కూడా సర్వేలో భాగమే.

బీటెక్ సివిల్ వాళ్లకు దారి తిన్ననిది. ఫ్లూయిడ్ మెకానిక్స్, సర్వేయింగ్ గట్టిగా చదివి, గేట్ స్కోరుతో ఐఐటీ మద్రాస్ ఓషన్ ఇంజినీరింగ్ విభాగానికో, సూరత్కల్ ఎన్ఐటీకో వెళ్లవచ్చు. జియాలజీ, జాగ్రఫీ, ఫిజిక్స్ డిగ్రీవాళ్లకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. డెల్టాల మీద, సముద్ర శాస్త్రం మీద అక్కడ దశాబ్దాలుగా పని జరుగుతోంది. బైపీసీ వాళ్లు కోరంగి లాంటి మడ అడవుల పునరుద్ధరణ వైపు రావచ్చు. అల ఉధృతిని తగ్గించడంలో మడ చెట్లది పెద్ద పాత్ర.

ముంపు వైపు పని వేరు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసినా ప్రాణనష్టం దానితో పోలిస్తే ఎంతో తక్కువ. ముందస్తు హెచ్చరిక, జనాన్ని తరలించడం చేసిన మేలది. ఉప్పెన అంచనాలు, సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. దాని శిక్షణ కేంద్రంలో స్వల్పకాలిక కోర్సులు జరుగుతాయి. విపత్తు నిర్వహణపై ఆసక్తి ఉన్నవాళ్లు గన్నవరం దగ్గర కొండపావులూరులోని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ (ఎన్ఐడీఎం) ప్రాంగణంలో జరిగే శిక్షణలను గమనిస్తూ ఉండాలి.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్పాలి. ఇన్‌కాయిస్, ఎన్ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ), పుణెలోని సీడబ్ల్యూపీఆర్ఎస్ (కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం) లాంటి సంస్థల్లో శాశ్వత పోస్టులు తక్కువ. కొత్తవాళ్లలో చాలామంది ప్రాజెక్టు కాంట్రాక్టులతోనే మొదలుపెడతారు. ఓడరేవులు, డ్రెడ్జింగ్ కంపెనీలు, తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జడ్) అనుమతుల నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలు మిగతా అవకాశాలు. మొదటి నెల నుంచే పెద్ద జీతం కావాలంటే ఈ రంగం సరిపడదు. నిలబడి పని నేర్చుకున్నవారికి నెదర్లాండ్స్ లాంటి దేశాల్లోనూ చదువు, కొలువు రెండూ ఉన్నాయి. అక్కడ 2011లో హేగ్ దగ్గర సుమారు 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను ఒకేచోట పోసి, గాలికీ అలలకూ పంచే పని అప్పగించారు. తీరాన్ని కాపాడేందుకు గోడ ఒక్కటే మార్గం అనుకునేవాళ్లు ఆ ప్రయోగం గురించి తప్పక చదవాలి.

కోర్సులో చేరేదాకా ఆగనక్కర్లేదు. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల పాత చిత్రాలూ ఉచితమే. 1990 నాటి మీ మండలం తీరాన్ని, నేటి తీరాన్ని ఒకదాని మీద ఒకటి గీసి చూడండి. ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకు మించిన ప్రాజెక్టు ఉండదు. ఫైనలియర్ వాళ్లు మాత్రం గేట్ నోటిఫికేషన్ వచ్చేలోపే పేపర్ ఎంచుకుని చదవడం మొదలుపెట్టండి.