మిగిలిన మాత్రలు దానం కావు



పన్ను నొప్పి రాగానే నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు కొనడం, నొప్పి తగ్గగానే మానేయడం, మిగిలినవి పక్కింటివాళ్లకు ఇవ్వడం మన బస్తీల్లో మామూలైపోయింది. అది సహాయం అనుకుంటాం, కానీ హాని.

పుచ్చిన పంటి లోపలి చీమును మాత్ర తొలగించలేదు. డాక్టరు చీము తీసి రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను తీయాలి. ముఖం వాచి జ్వరం వస్తే ఆలస్యం చేయకూడదు. పెన్సిలిన్ పడనివారికి పక్కింటి మాత్ర ప్రాణాపాయం కావచ్చు.

కడుపు సంగతీ అంతే. పిల్లల విరేచనాలు చాలావరకు వైరస్ వల్ల వస్తాయి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఓఆర్ఎస్, జింక్ ముఖ్యం. రక్తం పడితే వెంటనే డాక్టరుకు చూపించాలి. కడుపులో పుండ్లకు కారణమయ్యే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాకు మాత్రం మూడు నాలుగు మందులు కలిపి సాధారణంగా 14 రోజులు వాడాలి. మధ్యలో మానేస్తే బతికి మిగిలిన క్రిములు ఆ మందులకు లొంగకుండా తయారవుతాయి. పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే నోబెల్ ప్రసంగంలో ఈ ప్రమాదాన్ని హెచ్చరించారు.

స్ట్రిప్ మీద ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా కొనవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు.

పేదవాడికి సాయం చేయాలంటే పంటి డాక్టరు ఫీజు, పూర్తి కోర్సు ఖర్చు ఇవ్వండి. ఆరోగ్యం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. పనిచేసే మందు మన పిల్లలకు మిగల్చడం కూడా సదఖాయే.